మాట తీసేయండి, తీసేసిన గుర్తును ఉంచండి: ఆన్‌లైన్ సమూహాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆన్‌లైన్ సమూహాలను నడుపుతున్న అడ్మిన్‌లకు, మోడరేటర్లకు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్లకు నమస్కారం.

కామెంట్లు తీసేయొద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. తీసేయాల్సినవి తీసేయాల్సిందే. బెదిరింపు, బూతు, ఎవరిదో ఇంటి అడ్రసు లాంటివి కంటపడిన మరుక్షణం పోవాలి. మా బాధంతా తీసే పద్ధతి గురించే. డిలీట్ అనే ఒక్క బటన్ వెనక నాలుగైదు వేర్వేరు పనులున్నాయి. వాటిని విడదీయకుండా నొక్కేస్తే తప్పు మాట అన్నవాళ్లతో పాటు ఏ పాపం ఎరగనివాళ్లకీ దెబ్బ తగులుతుంది.

ఒకరు ఇలా అడిగారనుకోండి: "అప్‌డేట్ చేశాక ఫోన్‌లో పాత ఫోటోలు కనబడట్లేదు. ఎలా తెచ్చుకోవాలి?" దానికి ఒకాయన ఆరు లైన్ల జవాబు రాశాడు. ఐదు లైన్లు పనికొచ్చే స్టెప్పులే. ఆరో లైన్లో మాత్రం "బ్యాకప్ తీసుకోవాలన్న ఇంగితం లేనివాళ్లకి ఫోనెందుకు" అని ఒక విసురు విసిరాడు. ఆ జవాబు కింద ముగ్గురు మాట్లాడారు. ఒకరు "పనిచేసిందండీ, థాంక్స్" అన్నారు. ఇంకొకరు "మూడో స్టెప్పుకి ముందు ఫోన్ చార్జింగ్‌లో పెట్టుకోండి" అని చేర్చారు. మూడో ఆవిడ "మనుషులతో ఇలాగేనా మాట్లాడేది?" అని మందలించింది. ఈలోగా ఫిర్యాదు వచ్చింది, మోడరేటర్ ఆ జవాబును డిలీట్ చేశాడు.

తర్వాత ఏమవుతుందనేది డేటాబేస్ ఎలా కట్టారన్నదాని మీద ఉంటుంది. జవాబుల టేబుల్‌లో (ఒక్కో కామెంట్‌కి ఒక్కో వరుస ఉండే పట్టికలో) 'ఆన్ డిలీట్ క్యాస్కేడ్' అనే అమరిక పెట్టి ఉంటే ఆ ఒక్క వరుసతో పాటు కింది మూడూ కొట్టుకుపోతాయి. ఆ ముగ్గురిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు, వాళ్లకు కబురు కూడా అందదు. అలా కాకుండా, పోయినదాని కింది జవాబులను ఒక మెట్టు పైకి జరిపే పద్ధతి ఉంటే అది ఇంకా దారుణం. "మనుషులతో ఇలాగేనా మాట్లాడేది?" అన్న మాట నేరుగా ఫోటోలు పోయాయని అడిగిన మనిషి కింద వచ్చి కూర్చుంటుంది. కొత్తగా చదివేవాళ్లకి ఆ అడిగినవాళ్లే ఎవరినో తిట్టినట్టు కనబడుతుంది. ఇది ఊహ కాదు. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కామెంట్‌ను శాశ్వతంగా తొలగిస్తే దాని కింది జవాబులు సరిగ్గా ఇలాగే పై కామెంట్‌కి అతుక్కుంటాయి.

దీనికి విరుగుడు తెలిసిందే, కష్టం కూడా కాదు. వరుసను చెరపకండి. అందులోని పాఠాన్ని, అంటే రాసిన మాటలను, మాత్రం జనానికి కనబడకుండా చేయండి. టేబుల్‌లో నాలుగు గళ్లు చేర్చండి: ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, ఏ నియమం కింద తీశారు, రాసినవారే తీసుకున్నారా లేక మోడరేటర్ తీశారా. కామెంట్ ఉన్నచోట ఒక చిన్న పలక మిగలాలి: "ఈ కామెంట్‌ను మోడరేటర్ తొలగించారు. కారణం: వ్యక్తిగత దూషణ, నియమం 2." జవాబులు ఆ పలక కిందే ఉంటాయి కాబట్టి ఎవరి మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది.

రెడ్డిట్ అనే చర్చల సైట్‌లో రాసినవారు తీసుకుంటే 'డిలీటెడ్' అనీ, మోడరేటర్ తీస్తే 'రిమూవ్డ్' అనీ వేర్వేరుగా కనిపిస్తుంది. చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ చాలా గొడవలు ఇక్కడే ఆగుతాయి. ఆ తేడా చూపకపోతే ఎవరో తనంతట తాను మాట వెనక్కి తీసుకున్నా సరే, "మోడరేటర్లు నోరు నొక్కేశారు" అన్న పుకారు లేస్తుంది. పలక మీద రాసినవారి పేరు మాత్రం వద్దంటాం. తీసేసిన మాట పక్కన పేరు వేలాడదీస్తే అది శిక్ష మీద శిక్ష అవుతుంది.

అసలు పై ఉదాహరణలో డిలీట్ దాకా పోవాల్సిన పనే లేదు. ఆరో లైను కత్తిరించి, ఆ చోట "ఒక వాక్యాన్ని మోడరేటర్ తొలగించారు" అని పెడితే ఐదు లైన్ల సాయం బతికేది. కాకపోతే ఇక్కడ ఒక గీత దాటకూడదు. మోడరేటర్ కత్తిరించవచ్చు, కత్తిరించిన చోట గుర్తు పెట్టవచ్చు, అంతే. ఇంకొకరి కామెంట్‌లో ఒక్క పదం కూడా తన చేత్తో చేర్చకూడదు, మార్చకూడదు. 2016 నవంబర్‌లో రెడ్డిట్ సీఈఓ స్టీవ్ హఫ్‌మన్, తనను తిడుతూ అక్కడి ఒక గుంపులో యూజర్లు రాసిన కామెంట్లలో తన పేరు తీసి ఆ గుంపు మోడరేటర్ల పేర్లు పెట్టారు. తర్వాత ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. తిట్టడం తప్పే కావచ్చు. కానీ ఒకరి పేరు మీద వాళ్లు అనని మాట కనబడిందంటే ఇక అక్కడ ఏ మాటా ఎవరిదో నమ్మకంగా చెప్పలేం.

డిలీట్‌కి ముందు ఇంకా చాలా మెట్లున్నాయి. స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల సైట్‌లో ప్రతి కామెంట్‌కీ మైనస్ 1 నుంచి 5 దాకా స్కోరు ఉంటుంది, ఎంత స్కోరు నుంచి చూడాలో చదివేవాళ్లే ఎంచుకుంటారు. అల్పమైన మాట కిందికి దిగిపోతుంది తప్ప మాయమవదు. డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో తగినన్ని ఫిర్యాదులు వచ్చిన పోస్ట్ ముడుచుకుంటుంది, రాసినవారు దిద్దుకుంటే మళ్లీ తెరుచుకుంటుంది. మాకు ఈ రెండో పద్ధతి బాగా నచ్చుతుంది, ఎందుకంటే కోపంలో రాసిన మనిషికి తన మాట తానే సరిచేసుకునే దారి అందులో ఉంది. విషయం పక్కదారి పట్టిన కామెంట్లకైతే డిలీట్ అసలు వాడకండి. వాటిని వేరే థ్రెడ్‌గా విడదీసి, పాతచోట కొత్త థ్రెడ్ లింకు పెట్టండి.

స్పామ్ సంగతి వేరు. దాని కింద జవాబులు లేకపోతే పలక కూడా అక్కర్లేదు, ఊడ్చేయండి. కాకపోతే 'ఈ యూజర్‌ను బ్యాన్ చేసి కామెంట్లన్నీ తొలగించు' అనే బటన్‌తో జాగ్రత్త. కొత్త స్పామ్ ఖాతాల కోసం పెట్టిన బటన్ అది. ఏళ్ల తరబడి జవాబులిచ్చిన పాత ఖాతాను ఎవరో హ్యాక్ చేసి రెండు స్పామ్ లింకులు పెట్టినప్పుడు దాన్ని నొక్కితే మంచి జవాబులన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. ఆ బటన్ నొక్కగానే ఎన్ని కామెంట్లు పోతాయో అంకె చూపించాలి, అందులో ఎన్నింటికి జవాబులున్నాయో చూపించాలి. అంకె 50 దాటితే ఇంకో మోడరేటర్ కూడా సరేననాలి. కనీసం 30 రోజులు వెనక్కి తెచ్చుకునే వీలుండాలి. వర్డ్‌ప్రెస్ చెత్తబుట్ట కూడా మామూలుగా 30 రోజులే ఉంచుతుంది, అది సరైన గడువే.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కావాల్సింది వ్యక్తిగత వివరాల విషయంలో. ఎవరో ఇంకొకరి ఫోన్ నంబరో అడ్రసో పెట్టారు. మీరు కామెంట్ దాచేసి ఊపిరి పీల్చుకున్నారు. ఆ నంబర్ ఇంకా ఎక్కడెక్కడ ఉందో వరసగా చూడండి. దాన్ని కోట్ చేస్తూ జవాబిచ్చిన కామెంట్లలో ఉంటుంది, "నంబర్లు పెట్టకండి" అని మంచి మనసుతో రాసినవాళ్లు కూడా చాలాసార్లు కోట్ చేసే రాస్తారు. కామెంట్ ఎడిట్ చరిత్రలో ఉంటుంది. సైట్ సొంత సెర్చ్ ఇండెక్స్‌లో ఉంటుంది, వెతికితే ముక్క పాఠం కనబడుతూనే ఉంటుంది. పేజీ క్యాష్‌లో (వేగం కోసం దాచిన కాపీలో), ఫీడ్‌లో, ఏపీఐలో (వేరే యాప్‌లు డేటా తీసుకునే దారిలో) ఉంటుంది. ఫిర్యాదు చేసినవారు పేస్ట్ చేసిన ఫిర్యాదు పెట్టెలో, మీ మోడరేటర్ల చాట్‌లో, ఆఖరికి మీ తొలగింపు లాగ్‌లో కూడా ఉంటుంది. ఇప్పటికే వెళ్లిపోయిన మెయిల్ నోటిఫికేషన్లను ఎలాగూ వెనక్కి తేలేరు. అందుకే కొత్త కామెంట్ వచ్చిన క్షణమే మెయిల్ పంపకుండా ఐదు పది నిమిషాలు ఆపి పంపే ఏర్పాటు పెట్టుకోండి. పంపే ముందు ఆ కామెంట్ ఇంకా ఉందో లేదో ఒకసారి చూసుకునేలా రాయించండి. సెర్చ్ ఇంజన్లలో పాత కాపీ ఉంటే దాన్ని తీసేయమని విడిగా కోరాలి, వాటంతట అవి వెంటనే మారవు.

ఇలాంటివి మామూలు మోడరేటర్లకు కూడా కనబడకూడదు. ఇందులో వికీపీడియాను చూసి నేర్చుకోవచ్చు. అక్కడ నిర్వాహకులు ఒక కూర్పును (పేజీ పాత రూపాన్ని) దాస్తే మిగతా నిర్వాహకులు చూడగలరు. వ్యక్తిగత సమాచారం లాంటివైతే ఓవర్‌సైట్ హక్కున్న కొద్దిమంది దాన్ని నిర్వాహకులకు సైతం కనబడకుండా అణిచేస్తారు. రెండు అంచెలన్నమాట. ఎంత చిన్న సమూహమైనా ఈ రెండు అంచెలు పెట్టుకోవచ్చు: ఇద్దరో ముగ్గురో నమ్మకస్తులకు మాత్రమే రెండో తాళం ఇవ్వండి.

బెదిరింపుల విషయంలో కూడా తొందరపడి చెరపకండి. జనానికి కనబడకుండా దాచడం వెంటనే జరగాలి. కానీ పాఠం, సమయం, ఖాతా వివరాలు విడిగా భద్రపరిచాకే శాశ్వతంగా తీయాలి. బెదిరింపుకు గురైన మనిషి రేపు ఫిర్యాదు చేయడానికి వెళ్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. మీరు శుభ్రం చేశామనుకుంటారు, వాళ్లకి మాత్రం సాక్ష్యం పోతుంది. పిల్లలపై లైంగిక హింసకు సంబంధించినవైతే మాత్రం కాపీ చేయడం, ఇతర మోడరేటర్లకు పంపడం ఎంతమాత్రం చేయకండి. చూసినవారు దాచేసి, చట్టం చెప్పిన చోటుకి నేరుగా రిపోర్ట్ చేయాలి.

ఇక రాసిన మనిషికి చెప్పడం గురించి. కామెంట్ తీసేసి కారణం చెప్పకపోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. "చెప్తే వాదనకు దిగుతారు" అంటారు. దిగుతారు, నిజమే. కానీ చెప్పకపోతే అదే తప్పు మళ్లీ చేస్తారు. షగున్ ఝావేర్, ఏమీ బ్రక్‌మన్, ఎరిక్ గిల్బర్ట్ 2019లో రెడ్డిట్‌లోని 3.2 కోట్ల పోస్టులను పరిశీలించి రాసిన పరిశోధనలో, కారణం చెప్పినచోట ఆ యూజర్ల పోస్టులు మళ్లీ తొలగింపుకు గురయ్యే అవకాశం తగ్గిందని తేల్చారు. ఆ కారణాన్ని మనిషి చెప్పినా బాట్ చెప్పినా ఈ విషయంలో పెద్ద తేడా లేదని కూడా చూపించారు. అంటే తీరిక లేదన్న సాకు చెల్లదు. ఆరేడు తయారు సందేశాలు రాసి పెట్టుకుంటే చాలు.

సందేశంలో నాలుగు ఉండాలి: ఏ కామెంట్, అందులో ఏ వాక్యం, ఏ నియమం, ఇప్పుడేం చేయవచ్చు. ఇలా: "ఫోటోల థ్రెడ్‌లో మీరు రాసిన జవాబును దాచాం. 'ఇంగితం లేనివాళ్లకి' అన్న వాక్యం నియమం 2 కిందికి వస్తుంది. మిగతా స్టెప్పులు ఉపయోగపడేవే. ఆ వాక్యం తీసి మళ్లీ పెట్టవచ్చు. మా నిర్ణయం తప్పనిపిస్తే ఈ సందేశానికే జవాబివ్వండి, ఇంకో మోడరేటర్ చూస్తారు." ఆయన రాసిన మొత్తం పాఠాన్ని ఆ సందేశం కింద జతచేయండి. కష్టపడి రాసిన ఐదు లైన్లు తిరిగి చేతికొస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది. "సమూహ నియమాలను ఉల్లంఘించారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి, అది ఎవరికీ ఏమీ చెప్పదు.

యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ యాక్ట్‌లో ఇది చట్టమే అయింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో 17వ అధికరణం ప్రకారం, తీసేసిన దానికి కారణాన్ని స్పష్టంగా తెలపాలి. 20వ అధికరణం ప్రకారం ఆ నిర్ణయంపై ఫిర్యాదుకు కనీసం 6 నెలలు అవకాశమివ్వాలి. ఆ ఫిర్యాదును కేవలం యంత్రం తేల్చేయకూడదు. ఈ రెండో నిబంధనలో చిన్న సంస్థలకు మినహాయింపు ఉంది. చట్టం మీకు వర్తించకపోయినా కొలతగా తీసుకోవచ్చు.

షాడో బ్యాన్ గురించి ఒక్క మాట. రాసినవారికి తన కామెంట్ కనబడుతూ, ఇంకెవరికీ కనబడకుండా చేయడం స్పామ్ బాట్ల మీద అయితే సరే. మనుషుల మీద వాడకండి. ఎవరూ పలకడం లేదేమని నెలల తరబడి ఖాళీ గదిలో మాట్లాడించడం అది. ఏ తప్పుకైనా ఆ శిక్ష పెద్దదే.

పునఃపరిశీలనకు ఒకే నియమం సరిపోతుంది: తీసినవారు, మళ్లీ చూసేవారు ఒకరే కాకూడదు. అలాగే, ఒక వాదనలో తాను కూడా మాట్లాడుతున్న మోడరేటర్ ఆ థ్రెడ్‌లో డిలీట్ బటన్ ముట్టుకోకూడదు. ఇంకొకరిని పిలవాలి. దీన్ని మాటగా వదిలేయకుండా సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టవచ్చు: ఆ థ్రెడ్‌లో తన కామెంట్ ఉంటే మోడరేటర్‌కి హెచ్చరిక చూపించి, తీసేస్తే లాగ్‌లో గుర్తు పడేలా చేయండి.

రాసినవారే తీసుకోవాలనుకుంటే? ఇది నిజంగా చిక్కు ప్రశ్న. మాట వాళ్లదే, కానీ దాని చుట్టూ అల్లుకున్న సంభాషణ అందరిదీ. హ్యాకర్ న్యూస్ అనే చర్చల సైట్‌లో జవాబు వచ్చాక కామెంట్ డిలీట్ చేయనివ్వరు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓటు పడిన జవాబున్న ప్రశ్నను అడిగినవారు తీసేయలేరు. మరోవైపు 25 మే 2018 నుంచి అమలవుతున్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 17వ అధికరణం తన వ్యక్తిగత డేటాను తుడిచేయమని అడిగే హక్కిచ్చింది, భావప్రకటన స్వేచ్ఛ కోసం మినహాయింపు కూడా పెట్టింది. మా అభిప్రాయం ఇది. మొదటి గంటలో, జవాబులు రాకముందు, ఏ ఆనవాలూ లేకుండా తీసుకోనివ్వండి. జవాబులు వచ్చాక పాఠం తీసుకోనివ్వండి, పలక ఉండనివ్వండి. "నా పేరు ఇక్కడ వద్దు" అంటే పాఠాన్ని ఉంచి పేరు విడదీయండి. స్టాక్ ఓవర్‌ఫ్లో ఉన్న స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రశ్నోత్తరాల సైట్లలో ఈ వీలుంది. ఇంట్లోవాళ్ల జబ్బు గురించో తన ఉద్యోగం గురించో రాసుకుని ఇప్పుడు భయపడుతున్న మనిషి అడిగితే మాత్రం నియమాలు చదివి వినిపించకండి, తీసేయండి. పేరు విడదీసినా కథను బట్టి మనిషిని గుర్తుపట్టేస్తారు.

బ్యాకప్ విషయం దాచకండి. ఈరోజు తీసేసిన పాఠం నిన్న రాత్రి దాచిన బ్యాకప్‌లో ఉంటుంది. "35 రోజులకొకసారి పాత బ్యాకప్‌లు పోతాయి, అప్పటిదాకా అందులో ఉంటుంది" అని మీ గడువెంతో నిజం చెప్పండి. పాత బ్యాకప్ నుంచి సైట్‌ను లేపాల్సి వస్తే, తీసేసిన కామెంట్లన్నీ తిరిగి లేచి కూర్చుంటాయి. అందుకని తొలగించిన వాటి ఐడీల జాబితాను బ్యాకప్‌కి బయట విడిగా ఉంచి, సైట్ తెరిచే ముందే దాన్ని మళ్లీ నడపాలి. చాలామంది మరిచిపోయేది ఈ మెట్టే.

తెలుగులో రాసుకునే సమూహాలకు విడిగా చెప్పాల్సింది ఒకటుంది: పదాల ఫిల్టర్లు. 'పంది' అన్న పదాన్ని నిషిద్ధ జాబితాలో పెట్టారనుకోండి. ఎక్కడ కనబడినా పట్టుకోమంటే "వెంటనే స్పందించినందుకు థాంక్స్" అన్న కామెంట్ పోతుంది, 'స్పందించి'లో 'పంది' ఉంది మరి. 'కుక్క' పెడితే 'కుక్కర్' పోతుంది. సరే, పూర్తి పదమైతేనే పట్టుకోమందామని పదానికి రెండు వైపులా సరిహద్దు గుర్తు పెడతారు. ఇంగ్లిష్‌లో పనిచేసే ఆ గుర్తు ఇక్కడ తిరగబడుతుంది. పైథాన్ భాషతో వచ్చే మామూలు రెజెక్స్ (నమూనాను బట్టి పదాలు వెతికే) లైబ్రరీ గుడి, కొమ్ము లాంటి గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. 'పంది' చివర గుడి ఉంది, దాని తర్వాత ఖాళీ వస్తే అక్కడ సరిహద్దు లేదనుకుంటుంది. కాబట్టి తిట్టు తప్పించుకుపోతుంది. 'పందిరి'లో గుడి తర్వాత 'ర' వచ్చింది కనుక అక్కడ సరిహద్దు ఉందనుకుని పందిరిని పట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లోనైతే ఆ గుర్తుకు తెలుగు అక్షరాలే తెలియవు, ఏదీ పట్టదు.

దానికితోడు 'పందులు', 'పందుల్లారా' అని విభక్తులతో బహువచనాలతో పదం రూపు మార్చుకుంటుంది. అదే మాటను ఇంగ్లిష్ లిపిలో పది రకాలుగా రాస్తారు. అక్షరాల మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు దూర్చితే చూడటానికి అదే పదం, కంప్యూటర్‌కి వేరే పదం. అలాగని ఆ గుర్తు వాడినవాళ్లందరినీ అనుమానించలేం, 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే అది కావాలి. పోల్చే ముందు దాన్ని తీసేసి పోల్చండి, కామెంట్‌లో మాత్రం అలాగే ఉంచండి. ముఖ్యంగా ఫిల్టర్‌కి డిలీట్ చేసే అధికారం ఇవ్వకండి. అది కామెంట్‌ను మనిషి చూసి తేల్చే క్యూలోకి పంపాలి, అంతవరకే. జాబితాలో కొత్త పదం చేర్చే ముందు గత నెల కామెంట్ల మీద దాన్ని నడిపి, ఏవి పట్టుబడ్డాయో చదివి చూసుకోండి.

గుంపుగా వచ్చి పడ్డప్పుడు ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ కూర్చోకండి. ముందు థ్రెడ్‌కి తాళం వేయండి, కొత్త ఖాతాలను ఆపండి, తర్వాత నెమ్మదిగా ఏరండి. హడావిడిలో చేసే తప్పుల్లో ఎక్కువ భాగం తాళం వేయకుండా ఊడవడం వల్లే వస్తాయి.

ఇవన్నీ ఒక్కరోజులో కావని తెలుసు. మీలో చాలామంది జీతం లేకుండా, నిద్ర మానుకుని ఈ పని చేస్తున్నారని కూడా తెలుసు. అందుకే ఈ వారం ఒక్క పరీక్ష చేసి చూడమని అడుగుతున్నాం. సైట్ టెస్ట్ కాపీలో మూడు మెట్ల థ్రెడ్ ఒకటి తయారు చేయండి: ప్రశ్న, జవాబు, ఆ జవాబుకి ఇద్దరి మాటలు, అందులో ఒకరు జవాబును కోట్ చేయాలి. జవాబులో ఒక ఉత్తుత్తి ఫోన్ నంబర్ పెట్టండి. ఇప్పుడు ఒక బ్యాకప్ తీసి, ఆ జవాబును డిలీట్ చేయండి. లాగవుట్ అయి థ్రెడ్ చూడండి, ఎవరి మాట ఎవరి కింద ఉందో గమనించండి. ఆ నంబర్‌ను సైట్ సెర్చ్‌లో వెతకండి. ఫీడ్, ఏపీఐ, మెయిల్ పెట్టె తెరవండి. రాసిన ఖాతాతో లాగిన్ అయి, ఎందుకు తీశారో తెలుస్తోందా, ఎవరిని అడగాలో కనబడుతోందా చూడండి. చివరగా డిలీట్‌కి ముందు తీసిన ఆ బ్యాకప్‌ను టెస్ట్ కాపీ మీద ఎక్కించి, నంబర్ తిరిగి వచ్చిందేమో చూడండి. ఎక్కడెక్కడ తేలిందో రాసుకుని, ఆ జాబితాను మీ డెవలపర్ చేతిలో పెట్టండి.

ఇట్లు,
సమూహాల నిర్వహణలో ఉన్న మీ తోటివారు